ప్రతివాది కుట్టిన కోటు

అప్పులు రెండు రకాలు: తీర్చనివి, తీర్చినవి. వీటిలో మనిషిని నిలువునా ముంచేవి తీర్చినవే. తీర్చని అప్పుకి బ్యాంకులో ఒక ఫైలు, ఒక నంబరు, ఒక గుమాస్తా, కాస్త మర్యాద ఉంటాయి. తీర్చిన అప్పుకి దిక్కూ దివాణం ఉండవు. అది తీరిందని చెప్పడానికి మీరొక్కరే మిగులుతారు, మీ మాట నమ్మే అలవాటు బ్యాంకుకి లేదు.

మా వీధి చివర టైలరు ఈ రెండో రకం అప్పులో పడ్డాడు. దుకాణం కోర్టు గోడకి ఆనుకునే ఉంటుంది కనుక ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ప్లీడర్లే. ఆయన కుట్టిన కోటు గుడ్డ చిరుగుతుంది గానీ కుట్టు ఊడదని వాళ్ళే చెప్పుకునేవారు. నాలుగైదేళ్ళ క్రితం బ్యాంకు అప్పుతో కొత్త కుట్టుమిషను కొన్నాడు. నెలకొకటి చొప్పున ముప్పై ఆరు వాయిదాలు కట్టాడు. ముప్పై ఆరోది కట్టిన రోజు మాకందరికీ టీ కూడా ఇప్పించాడు. తొందరపడ్డాడని ఇప్పుడు అనిపిస్తోంది.

ఐదు నెలల తర్వాత, ఒక వాయిదా బాకీ ఉందనీ, దాని మీద వడ్డీ, ఆ వడ్డీ మీద జరిమానా, ఇవన్నీ తెలియజేసినందుకు తపాలా ఖర్చు కూడా ఉన్నాయనీ ఉత్తరం వచ్చింది. టైలరు రసీదు పట్టుకుని బ్యాంకుకి పరుగెత్తాడు. తోడుగా నేనూ వెళ్ళాను. (నా ప్యాంటు ఒకటి ఆయన సొరుగులో ఉంది. ఈ వ్యవహారంలో నా నిస్వార్థం అంతవరకే.)

కౌంటరులో గుమాస్తా చాలా మంచివాడు.

"మీ డబ్బు రాలేదని ఎవరన్నారండీ? వచ్చింది" అన్నాడు.

"మరి బాకీ అని ఉత్తరం ఎందుకు పంపారు?"

"వచ్చింది గానీ మీ ఖాతాలోకి రాలేదు. సస్పెన్స్ ఖాతాలో కూర్చుంది. ఎవరి డబ్బో తెలియనప్పుడు అందులో పడేస్తాం."

"నాదేనని మీకు తెలుసుగా బాబూ?"

"నాకు తెలుసండీ. సిస్టమ్‌కి తెలియాలిగా."

టైలరు రసీదు తీసి చూపించాడు. బ్యాంకు మిషను లోంచి వచ్చే ఆ నున్నటి కాగితం మీరూ చూసే ఉంటారు. వెనుకవైపు "ఈ రసీదును ఎనిమిదేళ్ళు భద్రపరచుకోవలెను" అని ముద్రించి ఉంది. ఆ ముద్ర చెక్కుచెదరలేదు. ముందువైపు అంకెలు మాత్రం ఐదు నెలలకే ఆవిరైపోయాయి. గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి, తెల్ల కాగితం బాగా దాచుకున్నారని మెచ్చుకుని తిరిగిచ్చేశాడు.

ఇంతకీ పొరపాటు దిద్దడానికి బ్యాంకులో ఏర్పాటు లేదనుకుంటే తప్పు. పొరపాట్ల గుర్తింపు ఉపసంఘం అని ఒకటి ఉంది. పొరపాటు చేసిన ఉద్యోగి, తానే చేశానని స్వహస్తాలతో రాసి, తననింకా ఉద్యోగంలో ఎందుకు ఉంచాలో కారణాలు జతచేసి పంపితే, ఉపసంఘం వెంటనే సమావేశమవుతుంది. తొమ్మిదేళ్ళలో ఒక్క పొరపాటు కూడా దాని దృష్టికి రాలేదు. కిందటేడు ఆ శుభ్రతకి దానికి బహుమతి కూడా ఇచ్చారు.

మా వీధివాళ్ళకి బ్యాంకంటే నమ్మకం లేదని పైవాళ్ళు తరచూ బాధపడుతుంటారు. నిజమే, మాకు లేదు. అయితే కౌంటరు మీద పెన్నుని దారంతో కట్టేసిన చోట ముందు ఎవరు ఎవరిని నమ్మలేదో విచారించాలి.

తర్వాత బ్యాంకు కోర్టుకెక్కింది. విచారణకి ముందే జప్తు ఆర్డరు తెచ్చుకుంది. (విచారణ అయ్యాక జప్తు చేయడానికి వస్తువు మిగలకపోవచ్చన్న దూరదృష్టి.) ఒక ఉదయం కోర్టు అమీనా, ఇద్దరు మోతగాళ్ళు దుకాణానికి వచ్చారు. అప్పటికి టైలరు ఒక నల్లకోటు కుడుతున్నాడు. ఎడమ చెయ్యి అతికించడం సగమైంది. సూది గుడ్డలోకి దిగి ఉంది.

"ఈ ఒక్క కుట్టూ పూర్తి చేసుకోనివ్వండి" అని టైలరు బతిమాలాడు.

"వస్తువుని ఉన్నది ఉన్నట్టుగా స్వాధీనం చేసుకోవాలయ్యా. నువ్వు తొక్కితే దాని స్థితి మారిపోతుంది" అన్నాడు అమీనా.

జాబితాలో ఇలా రాసుకున్నాడు: కుట్టుమిషను ఒకటి, దానిని పట్టుకుని ఉన్న నల్లగుడ్డ ఒకటి, సొరుగు ఒకటి, అందులోని సమస్తం. ఆ సమస్తంలో ఆది కోటు ఉంది, అంటే కొలత కోసం ఇచ్చిన పాత కోటు. కొలతల పుస్తకం ఉంది. నా ప్యాంటూ ఉంది. అన్నీ కోర్టు వెనక సామాన్ల గదిలోకి వెళ్ళి సీలు వేయించుకున్నాయి.

ఆ నల్లకోటు ఎవరిదో అప్పుడు ఎవరూ అడగలేదు. అది బ్యాంకు లాయరుగారిది.

మిషను విడిపించమని టైలరు పిటిషను పెట్టుకున్నాడు. ప్లీడరుని పెట్టుకునే స్తోమత లేక తనే నిలబడ్డాడు. పనిముట్టు లేకపోతే బతకలేనివాడి పనిముట్టు జప్తు చేయకూడదని చట్టంలోనే ఉందట. కోటుకి కాజాలు కుట్టించుకుంటూ ఒక జూనియరు చెప్పాడు. అంతకంటే బలమైన వాదన ఏముంటుందని మేమంతా ధైర్యంగా ఉన్నాం. మొదటి వాయిదా రానే వచ్చింది. బ్యాంకు లాయరుగారు చొక్కాతో నిలబడ్డారు.

"మీ కోటేదీ?" అని అడిగారు జడ్జిగారు.

"కోర్టువారి కస్టడీలోనే ఉందండీ. కొత్తదీ, పాతదీ రెండూ."

"కోటు లేని న్యాయవాది కోర్టుకి కనిపించడు. వాయిదా" అన్నారు జడ్జిగారు. (వాయిదా అడిగేటప్పుడు మాత్రం కనిపిస్తారు. ఆ మేరకు వెసులుబాటు ఉంది.)

ఇంకో కోటు కొనుక్కోవచ్చుగా అని మీరనొచ్చు. లాయరుగారికి అంత తొందరేముంది? వాయిదా వాయిదాకీ వడ్డీ పెరుగుతోంది, బ్యాంకు సంతోషంగా ఉంది. మిగతా కేసులకి ఆయన పక్క ప్లీడరు కోటు అరువు తెచ్చుకునేవారు. మా కేసు పిలిచే వేళకి ఆ కోటు దాని యజమానితో కలిసి పై అంతస్తులో వాదిస్తూ ఉండేది. అలా ఆరు వాయిదాలు గడిచాయి. దుకాణం మూతపడింది. టైలరు ఇల్లిల్లూ తిరిగి ఊడిన గుండీలు కుట్టి రోజుకింత తెచ్చేవాడు. కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడు అంటారు. గెలుపూ ఓటమీ లేని ఈ మధ్యకాలంలో ఎక్కడ ఏడవాలో ఏ సామెతా చెప్పలేదు.

ఆరో వాయిదా నాటి సాయంత్రం టైలరు ఇంటికొచ్చి పెళ్ళాంతో అన్నాడు: "ఆ కోటు నేనే కుట్టిచ్చేస్తాను. చేత్తో."

ఆవిడ బియ్యం ఏరుతున్నది కాస్తా ఆపేసింది. "ఎవరికీ? మన మిషను ఎత్తుకుపోయినోళ్ళ లాయరుకా? కొరివితో తల గోక్కుంటానంటారేంటండీ?"

"ఆయన రాకపోతే మన మాట వినేదెవరే?"

చేతికున్న ఒక్క ఉంగరం అమ్మి నల్లగుడ్డా, లైనింగూ తెచ్చాడు. ఆది లేదు, కొలతల పుస్తకం లేదు. లాయరుగారి ఒళ్ళు ఆయనకి కంఠతా వచ్చు. కుడి భుజం అర అంగుళం కిందికి ఉంటుందని కూడా గుర్తే. పదకొండు రోజులు కిటికీ పక్కన కూర్చుని కుట్టాడు. కాజాలు ఆవిడ కుట్టింది. చివరి రోజు చేయి అతికిస్తుంటే ఆవిడ మెల్లగా అంది.

"చంక దగ్గర కుట్టు కాస్త వదులుగా వేయరాదూ? చెయ్యెత్తి వాదిస్తుంటే నలుగురిలో పర్రున చిరిగితే గానీ నా కడుపుమంట చల్లారదు."

టైలరు నవ్వలేదు. "ఊడే కుట్టు నా చేత్తో పడదే" అన్నాడు.

టైలరు తెచ్చిచ్చిన కొత్త కోటుని కాదనలేక ఏడో వాయిదాకి లాయరుగారు దాన్ని తొడుక్కుని వచ్చారు. మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. ప్రతివాది సొంత ఖర్చుతో తన మీద తానే కేసు నడిపించుకోవడం నేనైతే అదే మొదటిసారి చూడటం. జడ్జిగారు కూడా సంతోషించి, ఈసారి లాయరు స్పష్టంగా కనిపిస్తున్నారని రికార్డు చేయించారు.

టైలరు తెల్ల కాగితం చూపించాడు. జడ్జిగారు దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసి, ఇందులో బ్యాంకుకి వ్యతిరేకంగా ఏమీ కనిపించడం లేదన్నారు. అప్పుడు టైలరు అసలు మాట చెప్పాడు.

"అయ్యా, మిషను నా పనిముట్టు. అది లేకపోతే నాకు బతుకు లేదు. చట్టం నాకు తెలీదు గానీ ఆకలి తెలుసు. అది ఒక్కటీ విడిపించండి."

లాయరుగారు లేచారు. కుడి చేయి పైకెత్తారు. మా వెనక బెంచీలో టైలరు పెళ్ళాం ఊపిరి బిగబట్టింది. కుట్టు ఊడలేదు.

"ఈ కోటు ఎవరు కుట్టారు?"

"నేనేనండీ."

"ఏ మిషను మీద?"

"మిషనెక్కడుందండీ, చేత్తో కుట్టాను."

"కుట్లు ఎక్కడైనా వంకర పోయాయా?"

టైలరు లాయరుగారి భుజం మీది కుట్టు వైపు చూశాడు. అబద్ధం ఆడొచ్చు. నేను మనసులో బతిమాలుకున్నాను కూడా.

"నా కుట్టు వంకర పోదండీ" అన్నాడు.

"అంతే, నా వాదన ముగిసింది" అని లాయరుగారు కూర్చున్నారు.

జడ్జిగారు కోటు తెప్పించుకుని, లోపలి లైనింగు దాకా తిప్పి చూశారు. ఇంత నాణ్యమైన పని మిషను లేకుండానే చేయగలిగినవాడికి మిషను అత్యవసరమని నమ్మలేమనీ, అది విలాస వస్తువు కింద వస్తుందనీ, వేలం వేయవచ్చనీ తీర్పు చెప్పారు. తీర్పు చివర ప్రతివాది పనితనాన్ని కోర్టు ప్రత్యేకంగా అభినందించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. టైలరు మాత్రం ఆ అభినందనకి అలవాటుకొద్దీ చేతులు జోడించాడు.

వేలం జరిగింది. వచ్చిన డబ్బు బ్యాంకుకి చేరింది గానీ, ఎవరి ఖాతాకి జమ చేయాలో సిస్టమ్‌కి తెలియక సస్పెన్స్ ఖాతాలో కూర్చుంది. ముప్పై ఆరో వాయిదా అప్పటికే అందులో ఉంది కనుక దానికి తోడు దొరికింది. బాకీ యథాతథంగా ఉంది. నా ప్యాంటు ఎవరో కొనుక్కున్నారు, సరిపోయిందని విన్నాను.

కోటు కుట్టుకూలీ, గుడ్డ ఖరీదూ అడగడానికి టైలరు లాయరుగారి గదికి వెళ్ళాడు.

"అడ్వాన్సు ఇచ్చానుగా?" అన్నారాయన.

"అది జప్తయిన కోటుకండీ. ఇది వేరేది."

"అయితే ఆ కోటు నాకింకా అందలేదన్నమాట" అని లాయరుగారు ఆలోచనలో పడ్డారు. "అంటే ఆ అడ్వాన్సు నువ్వే నాకు బాకీ."

వారం తిరక్కుండా ఆ అడ్వాన్సుకి వడ్డీతో సహా నోటీసు వచ్చింది. తెచ్చింది ఆ అమీనాయే. అందినట్టు సంతకం పెట్టమని కాగితం చాపాడు. టైలరు లోపలికెళ్ళి పెన్ను తేబోతే, అక్కర్లేదని ఆపాడు. చెరగని సిరా పెన్ను ఆయనే తెచ్చుకున్నాడు.