సందుకు సరిపడా కోసిన ట్రక్కు

నిప్పు ఎక్కడ పుట్టినా దాన్ని తీవ్రంగా ఎదుర్కోవాలని వీధి సంఘం సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది. నిప్పు తరఫున మాట్లాడే సభ్యులెవరూ లేకపోవడంతో చర్చ తొందరగానే ముగిసింది.

తీర్మానానికి కారకుడు దర్జీ. సందు చివర అతని కొట్టు అంటుకున్నప్పుడు అగ్నిమాపక శకటం వేళకే వచ్చింది. వచ్చి, లోపలికి దూరే దారి లేక సందు మొగలోనే నిలబడి, కొట్టు పూర్తిగా కాలేదాకా గంట మోగిస్తూ సంతాపం తెలిపింది. ఒకప్పుడు ఆ సందులో రెండు లారీలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా పోయేవట. తర్వాత ఎవరో గుమ్మం ముందు మెట్టు వేశారు. మెట్టును చూసి ఎదుటింటివారు అరుగు వేశారు. అరుగు మీద ఎండ పడుతోందని పైన రేకు, రేకు నిలవాలని కింద స్తంభం. సందు అవతలి కొన ఎప్పుడో ఎవరిదో వంటగది అయిపోయింది. ఇప్పుడు రెండు గొడుగులు ఎదురైతే ఒకటి మర్యాదగా ముడుచుకోవాలి.

సంఘం అధ్యక్షుడు సిమెంటు వ్యాపారి. కొట్టు సందు మొగలో, ఇల్లు సందు మలుపు తిరగగానే. వీధిలో మెట్టు పడిన ప్రతిసారీ ఆయన కొట్లోంచి బస్తాలు కదిలేవి గనక వీధి అభివృద్ధిలో ఆయన పాత్ర కాదనలేనిది. అందరికన్నా పెద్ద అరుగు కూడా ఆయనదే. పదవికి తగ్గ అరుగు ఉండాలి కదా.

సైన్యం ఇక పనికిరాదని వేలం వేసిన సన్నపాటి ట్రక్కొకటి చందాలతో కొని, దాన్ని కోసి పొట్టి చేసి, సందులో తిరిగే నీళ్ల బండిగా మార్చాలని ఆయన ఆలోచన. భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే భార్య కూర వడ్డిస్తున్న గరిటె ఆపింది.

"ఇంత తతంగం ఎందుకండీ? తలా ఒక మెట్టు కొట్టేసుకుంటే మామూలు బండే వచ్చిపోతుంది కదా."

ఆయన జాలిగా చూశాడు. "మెట్టు ఎవరిది?"

"మనది."

"ట్రక్కు ఎవరిది?"

"అందరిదీ."

"మరి ఏది కొయ్యాలి?"

గరిటె మళ్ళీ కదిలింది.

ట్రక్కు వచ్చింది. దేశ సరిహద్దులను కాపాడిన వాహనం ఇకమీదట మన గడపలను కాపాడుతుందని అధ్యక్షుడు గద్గద స్వరంతో ఉపన్యసించాడు. జనం సెల్యూట్ చేశారు. అది సర్వీసంతా శిబిరం వంటశాలకు ఉల్లిపాయలు మోసిందని దాని మూలల్లో మిగిలిన తొక్కలు చెబుతున్నా, తొక్కల మాట ఎవరు వింటారు?

కోత పని కత్తెర మేస్త్రికి అప్పగించారు. ఆయన చేతిలో పడి బస్సు వ్యానై, వ్యాను ఆటో అయిన దాఖలాలున్నాయి. ట్రక్కు చాసిస్‌ను నడుమ కోసి, ఒక మనిషి పడుకునేంత ముక్క తీసి పక్కన పారేసి, మిగిలిన రెండు కొసలనూ అతికాడు. పొడుగు తగ్గింది. దాంతోపాటు నీళ్ల తొట్టి పెట్టే చోటూ తగ్గింది. ఇందులో పట్టే నీళ్లు ఒక తలుపు తడపడానికి సరిపోతాయని మేస్త్రి నిజాయితీగానే చెప్పాడు. నీళ్లదేముంది, స్పందన ముఖ్యమన్నాడు అధ్యక్షుడు.

అయినా మలుపులో బండి తిరగలేదు. అప్పుడు మేస్త్రి మరో ట్రక్కు ముందు ఇరుసు తెచ్చి దీనికి వెనక బిగించాడు. ఇక వెనుక చక్రాలూ తిరుగుతాయి. వాటిని తిప్పడానికి వెనకాల ఇంకో స్టీరింగు, ఇంకో సీటు, కాబట్టి ఇంకో డ్రైవరు. ప్రజాస్వామ్యం ఇక్కడే పరిమళించింది. ముందు చక్రాలు అధ్యక్షుడి వర్గానికి దక్కాయి, ఆ సీట్లో ఆయన అల్లుడు కూర్చున్నాడు. వెనుక చక్రాలు కార్యదర్శి వర్గానికి, అక్కడ కార్యదర్శి బావమరిది. సంఘం ఎన్నికల నాటినుంచీ ఈ ఇద్దరు డ్రైవర్లకూ మాటల్లేవు.

ప్రారంభోత్సవం నాడు మాత్రం, సన్మానం ఇద్దరికీ ఉంది గనక, ఇద్దరూ ఒకే దిక్కుకు ఆలోచించారు. బండి పీతలా పక్కకు జరుగుతూ గోడలను ముద్దాడుతూ మలుపు తిరిగింది. జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడికి నిజంగానే కన్నీళ్లు వచ్చాయి.

ఆ వారంలోనే వీధికి ఒక సత్యం బోధపడింది. నాలుగు చక్రాలూ తిరిగే బండికి ఇంత దారి అక్కర్లేదు. అంటే సందులో స్థలం మిగిలిపోయి వృథాగా పడి ఉంది. ఎవరికి వారు ఇంకో మెట్టు ముందుకు వచ్చారు. సిమెంటు బస్తాలు కదిలాయి. అధ్యక్షుడు తన అరుగు మీద కొత్త రేకు వేయించి, మలుపులో దానికొక స్తంభం నిలబెట్టాడు.

రెండోసారి నిప్పు మిట్టమధ్యాహ్నం పుట్టింది. ఎవరి హోదానూ ఖాతరు చేయకుండా అధ్యక్షుడి ఇంట్లోనే పుట్టింది. మేడ మీద ఏదో తీగ కాలి పరదాకు అంటుకుంది. ఆయన భార్య లోపల నిద్రలో ఉంది. కబురు కొట్టుకు చేరగానే ఆయన చెప్పులు కూడా లేకుండా ట్రక్కు వెంట పరుగెత్తాడు.

మలుపులో అల్లుడు ఎడమకు తిప్పాడు. ఆ వర్గం ఎటు తిప్పితే తాము అటు ఎందుకు తిప్పాలని కార్యదర్శి బావమరిది తన ఆత్మగౌరవం కొద్దీ కుడికి తిప్పాడు. ముందు భాగం ఎదుటింటి మెట్టెక్కింది. వెనుక భాగం కొత్త స్తంభానికి తగిలి ఇరుక్కుంది. ట్రక్కు సీసాకు బిరడాలా సందుకు అడ్డంగా కూర్చుంది. ఊరి శకటం వచ్చి మొగలోనే ఆగింది. దాని మనుషులు గొట్టం పట్టుకుని పరుగెత్తుకొచ్చారు గానీ, గొట్టం ట్రక్కు దాకానే వచ్చింది.

అధ్యక్షుడు ట్రక్కు ఎక్కబోయి జారి, కిందినుంచి పాకబోయాడు. పొట్ట అడ్డొచ్చింది. బిరడా అవతల పొగ కమ్ముకుంటోంది. అల్లుడూ వెనుక సీటువాడూ తప్పెవరిదని వాదించుకుంటుంటే ఆయన ఆ వాదనలో చేరలేదు. అక్కడే చతికిలబడి భార్యను పిలుస్తూ కూర్చున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెను పేరుపెట్టి పిలవడం వీధి వినడం అదే మొదలు.

అవతలి పక్క మిగిలినవారిలో దర్జీ ఒకడు. అతను ఎవరి మేడకో ఆనించిన నిచ్చెన లాక్కొచ్చి ఆమెను కిటికీలోంచి దింపాడు. సందుకు ఇంకో కొన లేదు గనక ఇద్దరు ఆడవాళ్లు ఆమెను బానెట్ మీదికి ఎక్కించి, నీళ్ల తొట్టి మీదుగా ఇవతలికి దాటించారు. చెయ్యి మోచేతిదాకా కాలింది. జుట్టు కమిలింది. ఆయన కూర్చున్నచోటునుంచే ఆమె వంక చూశాడు.

"ఇల్లు పోయింది," అంది ఆమె మెల్లగా. "స్తంభానికేం కాలేదు లెండి. సిమెంటు కదా."

విచారణ సంఘం తప్పంతా ట్రక్కు పొడుగుదేనని తేల్చింది. మరో మూర కోయాలని తీర్మానమైంది. సొంత ఇంటిని త్యాగం చేసి లోపాన్ని బయటపెట్టినందుకు అధ్యక్షుడికి శాలువా కప్పారు. దర్జీ నిచ్చెనను అనుమతి లేకుండా వాడినందుకు మందలింపుతో సరిపెట్టారు.

భార్య సభకు రాలేదు. కట్టుకట్టిన చేత్తో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది. ఆ ఇల్లు విశాలమైన వీధిలో ఉంది. కొన్నాళ్లకు ఆయన ఆమెను పిలుచుకురావడానికి వెళ్లాడు. ఆమె లోపలినుంచి బయటికి రాలేదు. ఆయన చాలాసేపు వాకిట్లో నిలబడ్డాడు. నిలబడి నిలబడి, ఇంటి ముందు అంత ఖాళీ చూసి మనసు ఉండబట్టలేక తోడల్లుడితో అన్నాడు.

"ఇంత చోటు ఊరికే వదిలేశారేమిటి? ఒక మెట్టు వేయించుకోండి. సిమెంటు నేను పంపిస్తా."

తోడల్లుడు చదువుకున్నవాడు, చట్టం తెలిసినవాడు, మీలాగా నాలాగా పెద్దమనిషి. ఛ, అదేం మాట అన్నాడు. ఆ తర్వాత వీధికి అటూ ఇటూ చూశాడు. ఎవరూ రావడం లేదు. ధోవతి కొంచెం పైకెత్తి, గుమ్మం దగ్గర్నుంచి పాదం ముందు పాదం వేసుకుంటూ వీధిలోకి కొలవడం మొదలుపెట్టాడు.