లాంచీ అడుగున రాగి పలక

ఇకమీదట ఉద్యోగుల ప్రవర్తనతో పాటు లోహాల ప్రవర్తనను కూడా పరిశీలించి, దురుసుగా ఉన్నవాటిని కొలువులోంచి తొలగించడం జరుగుతుందని లాంచీల కంపెనీ నోటీసు బోర్డు మీద కాగితం అంటించింది. కంపెనీ కెమిస్టు దాన్ని రెండుసార్లు చదివింది. రెండోసారి కూడా అదే రాసి ఉంది.

నిజానికి ఇందులో ఆవిడ చెయ్యి లేకపోలేదు. ఉప్పునీటి పాయ దాటించే పెద్ద లాంచీని మరమ్మతు కోసం ఒడ్డెక్కించినప్పుడు, దాని ఇనుప అడుగుకు బిగించిన జింకు దిమ్మలు సగానికి సగం కరిగిపోయి కనిపించాయి. జింకును ఎవరు తిన్నారని జనరల్ మేనేజరుగారు విచారణకు దిగారు. ఉప్పునీళ్లు తిన్నాయని కెమిస్టు చెప్పింది. కంపెనీలో తినేవాళ్ల సంగతి క్షుణ్ణంగా తెలిసిన ఆయనకు ఈ జవాబు రుచించలేదు. డైరెక్టర్ల ఎదుట రుజువు చేయమన్నారు.

కెమిస్టు ఉద్యోగం అప్పటికింకా పర్మినెంటు కాలేదు. అందుకని ఎంతో శ్రద్ధగా గాజు పాత్రలు సర్ది చూపించింది. పొటాషియం ముక్క నీళ్లలో పడీ పడగానే భగ్గుమని గంతులేసింది. డైరెక్టర్లు కుర్చీలు వెనక్కి లాక్కున్నారు. పలచటి ఆమ్లంలో జింకు బుసబుసమని పొంగింది, ఇనుము నిదానంగా బుడగలు విడిచింది, రాగి అసలు కదల్లేదు. బంగారం కోసం మేనేజరుగారు స్వయంగా తన ఉంగరం తీసి ఇచ్చారు. ముంచి తీశాక అది ఎలా వెళ్లిందో అలాగే వచ్చింది. ఆవిడ బోర్డు మీద పొటాషియం పేరు అన్నిటికన్నా పైన, బంగారం పేరు అట్టడుగున రాసింది.

"జింకు ఇనుము కంటే చురుకైంది సార్. రెంటినీ కలిపి బిగిస్తే ఉప్పునీళ్లు ముందు జింకునే తింటాయి. అది అరిగిపోతుంటేనే లాంచీ బాగుంటుంది" అంది.

మేనేజరుగారు ఉంగరం తుడుచుకుని లేచారు.

"చూశారుగా. ఒకడు నీళ్లు తగిలితే చాలు, తగలబడిపోతాడు. ఇంకొకడు నాలుగు చుక్కలకే బుసలు కొడతాడు. బంగారం మాత్రం ఏం పోసినా కిక్కురుమనలేదు. మర్యాద అంటే అదీ. మీ బోర్డు తలకిందులుగా ఉందమ్మా. కిందివాళ్లను పైకి రాయండి."

ఆయన చెయ్యి ఆవిడ ఫైలు మీద ఉంది. కెమిస్టు బోర్డు తుడిచి తిరగరాసింది.

ఆ నోటీసు అంటించాక పరిపాలన ఎంతో చురుగ్గా సాగింది. జింకును తొలగించారు. బంగారం తాహతుకు మించింది కాబట్టి దాని స్థానంలో రాగిని నియమించి, రిబ్బను కత్తిరించి, లాంచీ అడుగున పలకలుగా బిగించారు. లైఫ్ జాకెట్లు చిరిగిపోయాయని గొణిగిన టికెట్ గుమాస్తాను పొటాషియం తరగతిలో వేసి గోదాముకు పంపారు. ఉద్యోగంలో చేరింది మొదలు ఏ విషయం మీదా అభిప్రాయం చెప్పని అకౌంటెంటుకు సన్మానం చేశారు. కెమిస్టు ఉద్యోగం పర్మినెంటయింది.

మరుసటి తనిఖీలో రాగి కొత్తదానిలా తళతళలాడింది. చుట్టూ ఉన్న ఇనుము గోరుతో గీకితే పెచ్చులుగా రాలింది. రాగి పక్కన ఉన్నందుకే ఇనుమును ఉప్పునీళ్లు మరింత త్వరగా తిన్నాయని కెమిస్టుకు తెలుసు. పక్కవాడు అంతగా పాడైపోతున్నా చలించని రాగి నిగ్రహాన్ని మేనేజరుగారు వేనోళ్ల పొగిడారు. ఇనుముకు సంజాయిషీ నోటీసు ఇచ్చి, రంగు వేయించి, లాంచీని నీళ్లలోకి దించారు.

ఆ లాంచీలోనే కెమిస్టు భర్త రోజూ ఆఫీసుకు వెళ్లివస్తాడు. ఇంట్లో ఆయన అచ్చంగా పొటాషియం. కాఫీ కాస్త చల్లారితే గ్లాసు గోడకు తగులుతుంది. ఆ లాంచీ ఎక్కవద్దని ఆవిడ బతిమాలింది.

"పర్మినెంటయింది కదా, ఇంకా నీకెందుకీ గోల? నోరు మూసుకుని ఉండు" అన్నాడు.

ఆయన వినకపోయేసరికి ఆ సాయంత్రం ఇద్దరూ కలిసే అదే లాంచీలో ఇంటికి బయలుదేరారు. పాయ మధ్యకు వచ్చేసరికి కాళ్ల కింద పరిచిన చెక్కల సందుల్లోంచి నీళ్లు పైకి వచ్చాయి. ప్రయాణికులు సంచులు ఒళ్లోకి తీసుకున్నారు. నీళ్లు ఇంకొంచెం పెరిగాక కాళ్లు బెంచీల మీదికి ఎత్తుకున్నారు. పేపరు తడుస్తోందని ఒకాయన పక్కాయన్ని కాస్త జరగమన్నాడు. ఆయన జరిగాడు.

కెమిస్టు లేచి నిలబడింది. "అడుగున చిల్లు పడింది. లాంచీ వెనక్కి తిప్పమని అందరం అడుగుదాం, లేవండి" అంది.

అందరూ ఆవిడవైపు చూశారు. నీళ్లను చూసి జంకనివాళ్లు ఆవిడను చూసి జంకారు. భర్త చెయ్యి పట్టుకుని లాగాడు.

"నలుగురిలో పరువు తీయకు. కూర్చో. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాడు మెల్లగా, ఎంతో మర్యాదగా.

ఇల్లు అవతలి ఒడ్డున ఉంది. ఆవిడ కూర్చోలేదు. తనతోపాటు లేచే మనిషి ఒక్కరైనా దొరుకుతారేమోనని బెంచీ బెంచీ వెతికింది. చివరికి ఆవిడ చూపు కిటికీ పక్కన, చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి చూస్తున్న మనిషి మీద ఆగింది.

ఆ మనిషి, ఇది చదువుతున్న మీరేనండీ. మీరు చెప్పులను రెండో చేతిలోకి మార్చుకున్నారు.