బూరె లైసెన్సు

కుక్కను రోజూ నడిపించేది భార్య హైమవతి కాబట్టి, నిబంధనల ప్రకారం సత్యానందం గారు ఐదు నెలల్లో పద్నాలుగు కిలోలు తగ్గారు. ఇందులో వింతేమీ లేదు. కుక్కతో నడిస్తే కరిగే బరువు, నడిచిన మనిషి ఎవరైనా సరే, లైసెన్సు మీద ఎవరి పేరుంటే వారి ఒంట్లోంచే తగ్గుతుందని పురపాలక సంఘం ఏనాడో తీర్మానించింది. లైసెన్సు వెనకవైపు ఏడో నిబంధనలో అది స్పష్టంగా ఉంది. అక్షరాలు మరీ చిన్నవి, అంతే.

కుక్క పేరు బూరె. దాన్ని పిల్లగా ఉన్నప్పుడు తెచ్చింది హైమవతే, సూదిమందులు వేయించింది హైమవతే, మునిసిపల్ ఆఫీసు మెట్లెక్కి దరఖాస్తు నింపిందీ ఆవిడే. మోకాళ్ళు అరిగిపోతున్నాయి, పది కిలోలు తగ్గకపోతే ఆపరేషన్ తప్పదని డాక్టరు చెప్పాకనే ఆవిడ కుక్కను తెచ్చుకుంది. ఒక్కర్తే వాకింగుకు వెళ్ళాలంటే బద్ధకం, కుక్క ఉంటే అదే లాక్కెళ్తుందని ఆశ. దరఖాస్తులో 'యజమాని' అన్న గడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి దానంతట అదే 'పి. సత్యానందం' అని రాసేసింది. ఎవరూ రాయమనలేదు. ఇరవై ఆరేళ్ళుగా గ్యాసు పుస్తకం మీద, కరెంటు మీటరు కాగితాల మీద, ఆఖరికి పుట్టింటివాళ్ళు పంపిన గ్రైండరు గ్యారంటీ కార్డు మీద కూడా ఆ చెయ్యి ఆ పేరే రాస్తూ వచ్చింది. అలవాటు పడిన చెయ్యి, దానికేం తెలుసు!

పొద్దున్నే అయిదింటికి హైమవతి గొలుసు పట్టుకుని బయల్దేరుతుంది. వాటర్ ట్యాంకు దాకా వెళ్ళి, పార్కు చుట్టూ మూడుసార్లు తిరిగి, ప్రతి కరెంటు స్తంభం దగ్గరా బూరెకు కావలసినంత టైమిచ్చి, ఆరుంబావుకు ఇంటికొస్తుంది. జాకెట్టు చెమటకు వీపుకంటుకుపోయి ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలోనే మంచం మీద దుప్పటి కింద సత్యానందం గారి పొట్ట నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. ఆయనకు నిద్ర కూడా చెడదు. లేచి, పళ్ళు తోముకుని, బరువు చూసుకునే మిషనెక్కి, "హైమా, ఇవాళ నూటయాభై గ్రాములు!" అని వంటింట్లోకి కేకేస్తారు. ఆయన దిగాక హైమవతి ఎక్కుతుంది. డెబ్భై ఎనిమిది. నిన్నా డెబ్భై ఎనిమిదే.

ఆయనకు ప్యాంట్లన్నీ వదులైపోయాయి. నడుం దగ్గర కుట్లు విప్పి, లోపలికి మడిచి మళ్ళీ కుట్టిపెట్టింది హైమవతే. కుడుతున్నంతసేపూ కడుపు మండిపోయింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆవిడ మొగుడి మీద అలిగింది, అరిచింది, రెండుసార్లు పెట్టె సర్దుకుని పుట్టింటికి వెళ్ళింది. కానీ ఆయన్ని చూసి కుళ్ళుకోవడం మాత్రం ఇదే మొదలు. ఆయన అద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, పొట్ట ఉండాల్సిన చోట చేత్తో తడుముకుంటుంటే ఆవిడకు కళ్ళల్లో కారం పడ్డట్టుండేది. అది నా పొట్ట అనుకునేది. నేను కరిగించిన పొట్ట, ఈయన ఒంట్లోంచి పోయింది.

మళ్ళీ లావు చేసి పారేద్దామని నెల్లాళ్ళపాటు నేతి పెసరట్లు, జీడిపప్పు ఉప్మా, సాయంత్రాలు మిరపకాయ బజ్జీలు పెట్టింది. ఆయన వద్దనకుండా తిన్నారు. అయితే కుళ్ళుకున్నకొద్దీ హైమవతి నడక వేగం పెరిగింది. పార్కు చుట్టూ మూడుసార్లు తిరిగే మనిషి పళ్ళు నూరుకుంటూ అయిదుసార్లు తిరిగింది. బూరె పాపం నాలిక వేలాడేసుకుని వెనకాల పరిగెత్తేది. ఆ నెల సత్యానందం గారు మామూలుకు రెట్టింపు తగ్గారు. కడుపుమంటతో నడిచేవాళ్ళ యజమానులు త్వరగా చిక్కుతారన్న సంగతి కుక్కల సెక్షనులో అందరికీ తెలిసిందే.

దాంతో ఆవిడ నడకే మానేసింది. ఎనిమిదో రోజున సత్యానందం గారి పేర నోటీసు వచ్చింది. 'మీ తగ్గుదల ఆగినట్టు మా దృష్టికి వచ్చినది. మూడు దినములలో సంజాయిషీ ఇవ్వని యెడల, ఇంతవరకు తగ్గిన బరువు తిరిగి మీ ఒంటికే చేర్చబడును.' ఆయన కంగారుగా దాన్ని పట్టుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఏమని రాయనే?"

"మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, నడవలేకపోతోందని రాయండి."

"అలా రాస్తే బావుంటుందా? నలుగురూ నవ్వరూ?"

ఈలోగా బూరె ముందుగదిలో చాప మీద మూడుసార్లు పని కానిచ్చేసింది. ఆ చాప ఎవరు ఉతికారో వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నే హైమవతి గొలుసు అందుకుంది.

వాకర్స్ సంఘంవాళ్ళు పార్కులో సత్యానందం గారికి సన్మానం చేశారు. ఆయన పార్కుకు రావడం అదే మొదటిసారి. గేటు ఎటువైపో తెలియక వెనకనుంచి గోడ దిగబోతే వాచ్‌మన్ తీసుకొచ్చాడు. శాలువా కప్పి, పూలదండ వేసి, రహస్యం చెప్పమన్నారు.

"రహస్యమేముందండీ! క్రమశిక్షణ. పొద్దున్న లేవడమే కష్టం. ఆ ఒక్కటీ జయిస్తే మిగతాది దానంతటదే జరిగిపోతుంది," అన్నారాయన. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఆయన విషయంలో దానంతటదే జరిగింది. చప్పట్లు కొట్టారు. సంఘం అధ్యక్షులు, ఆయన రిటైరైన హెడ్మాస్టరు, గొలుసు పట్టుకుని ఓ మూల నించున్న హైమవతి వైపు తిరిగి ఆప్యాయంగా అన్నారు:

"ఏమ్మా, ఇంట్లోనే ఇంత ఆదర్శం పెట్టుకుని మీరిలా ఉంటే ఎలా? ఆయన్ని చూసైనా కాస్త నడవండి."

హైమవతికి అక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. దిగడానికి కూడా మోకాళ్ళు సహకరించేలా లేవు. ఇంటికి రాగానే ఆ శాలువా తీసి బూరెకు పక్క పరిచింది. మర్నాడు మునిసిపల్ ఆఫీసుకు వెళ్ళింది.

కుక్కల సెక్షను గుమాస్తా జీవరత్నమ్మ గారు నెమ్మదైన మనిషి. ఫైలు తీసి, కళ్ళజోడు సర్దుకుని అంతా విన్నది.

"పేరు మార్పిడికి యజమాని సంతకం కావాలమ్మా. ఆయన కుక్కతో కూడా రావాలి. కుక్క ఆయన్ని గుర్తుపడితేనే మారుస్తాం."

"అది ఆయన్ని గుర్తుపట్టదండీ. చూసినప్పుడల్లా మొరుగుతుంది."

"అయితే కష్టమే. ఇంకోటి, పేరు మారిన రోజున పాత తగ్గుదల రద్దయిపోతుంది. ఆయన పద్నాలుగు కిలోలూ ఆయనకి తిరిగొచ్చేస్తాయి. ముందే చెప్తున్నా, తర్వాత గొడవపడకూడదు."

ఇంటికొచ్చి హైమవతి ఆ మాట చెప్పగానే సత్యానందం గారు కూర్చున్నవారు కూర్చున్నట్టే బిగుసుకుపోయారు. శాలువా కప్పినవాళ్ళకు మొహమెలా చూపించాలన్నారు. ప్యాంట్లన్నీ కుట్టేశావు కదా అన్నారు. చివరికి ఆవిడ భుజం మీద చెయ్యేసి, "పేరుదేముంది హైమా? మనింట్లో ఎప్పుడైనా నీదీ నాదీ అని ఉందా?" అన్నారు. ఎంతో ప్రేమగానే అన్నారు. హైమవతికి ఏడుపొచ్చింది. ఆపరేషనుకు డాక్టరు ఇచ్చిన గడువు ఇంకా నాలుగు నెలలుంది.

మళ్ళీ ఆఫీసుకెళ్తే జీవరత్నమ్మ గారే ఉపాయం చెప్పింది. ఇంకో కుక్కను తెచ్చి సొంతపేరు మీద లైసెన్సు తీసుకోవచ్చు. అయితే ఒకే ఇంటి రెండు కుక్కల్నీ ఒకే మనిషి ఒకే పూట నడిపిస్తే, రెండు కుక్కల తగ్గుదలా ముందు తీసుకున్న లైసెన్సుకే వెళ్తుంది. ఒక్కో కుక్కకు ఒక్కో పూట కేటాయిస్తే మాత్రం ఏ లైసెన్సు తగ్గుదల దానిదే. "అయినా మీరే ఎందుకమ్మా నడవడం? లైసెన్సున్నవాళ్ళెవరూ నడవరు. ఈ ఫైళ్ళల్లో ఎక్కడా లేదు," అంది.

హైమవతి రెండో కుక్కను తెచ్చింది. దానికి గారె అని పేరు పెట్టింది. 'యజమాని' గడి దగ్గర చెయ్యి మళ్ళీ 'పి. స' అని మొదలుపెట్టబోతే ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, తన పేరు రాయించింది. ఇంట్లో అంట్లు తోమే నూకాలు పొద్దున గారెను నడిపించడానికి ఒప్పుకుంది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయని, సాయంత్రం బూరెను కూడా తీసుకెళ్ళమంది హైమవతి. నూకాలు సరేనంది. అప్పటికే ఆ వీధిలో నాలుగిళ్ళ కుక్కల్ని ఆమే తిప్పుతోంది.

ఆ తర్వాత దంపతులిద్దరూ సోఫాలో పక్కపక్కన కూర్చుని కాఫీ తాగుతూ, పొద్దున ఆవిడ, సాయంత్రం ఆయన తగ్గేవారు. మూడు నెలల్లో హైమవతి అరవై ఎనిమిదికి వచ్చింది. మోకాళ్ళ నొప్పి చేత్తో తీసేసినట్టు పోయింది. ఎక్స్‌రే చూసి ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు. మొగుణ్ణి చూస్తే ఇప్పుడు ఆవిడకు ఏ మంటా లేదు. అద్దం ముందు ఇద్దరూ వంతులేసుకుని నిలబడుతున్నారు.

ఒకరోజు పొద్దున నూకాలు గొలుసు అందుకోబోతూ ఆగింది. మనిషి అయిదు నెలల కిందటి హైమవతిలా ఒళ్ళొచ్చి ఉంది.

"అమ్మగారూ, పెద్దాసుపత్రిలో డాట్రమ్మ కేకలేసిందండి. సుగరొచ్చిందంట. కూకుని తింటే ఇలాగే అవుద్ది, రోజూ అరగంటన్నా నడవమందండి."

హైమవతి కాఫీ గ్లాసు కింద పెట్టింది.

"రోజుకి ఆరు కుక్కల్ని తిప్పుతున్నానమ్మా అంటే నమ్మలేదండి. ఆరింట్లో ఒక్కదానికి... ఈ గారెకి, నా పేరు రాయిత్తారేంటండి?"

హైమవతి చెయ్యి మోకాలి మీదికి వెళ్ళింది. మోకాలు హాయిగా, నొప్పి లేకుండా ఉంది. లేచి వచ్చి నూకాలు భుజం మీద చెయ్యేసింది.

"పేరుదేముందే నూకాలూ? నువ్వు మాకు పరాయిదానివా? మనింట్లో ఎప్పుడైనా నీదీ నాదీ అని చూశామా?"

నూకాలు ఆవిడ నడుము వైపు చూసింది. చాలాసేపు చూసింది. ఆ చూపు హైమవతికి బాగా తెలుసు, అయిదు నెలలపాటు తన కళ్ళల్లో ఉన్నదే. పమిట నడుం మీదికి లాక్కుంది. నూకాలు గారెను లాక్కుని గేటు దాటింది.

ఆ రోజు నూకాలు ఎన్నడూ లేనంత వేగంగా నడిచింది. మర్నాడు పొద్దున మిషనెక్కితే హైమవతి ఏకంగా అరకిలో తగ్గింది.