పుస్తకాన్ని చూపండి

సోమవారం ప్రేయరు కాగానే హెడ్మాస్టరు తారకేశ్వరరావు లైబ్రరీ గదిలోకి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని బీరువాల వంక అసహ్యంగా చూశాడు. వజ్రపుకొత్తూరు దగ్గరి ఆ హైస్కూలుకు శనివారమే ఇరవై ట్యాబులు వచ్చాయి. పదకొండింటికి టెక్కలి నుంచి ఆఫీసరు వచ్చి డిజిటల్ లైబ్రరీ ప్రారంభిస్తాడు.

“ఈ పుస్తకాలన్నీ తీయించేయండమ్మా. డిజిటల్ లైబ్రరీలో కాగితం కనిపిస్తే నాకు మెమో ఖాయం,” అన్నాడు.

లైబ్రరీ చూసే తెలుగు టీచరు ఉషారాణి బీరువాకు అడ్డంగా నిలబడింది. మొత్తం తొమ్మిది వందల పుస్తకాలు. తుపానుకు తడిసినప్పుడు పేజీ పేజీ విడదీసి ఆరబెట్టింది ఆవిడే. మొన్న పైనుంచి వచ్చిన చదరపు స్టిక్కర్లు ప్రతి అట్టకీ అంటించిందీ ఆవిడే.

“ఈ స్టిక్కర్లు ఎందుకు పంపారో ఆర్డరులో ఉందా సార్?”

“మొదటి పేజీ చదివానమ్మా, అంతా ట్యాబుల గురించే. రెండో పేజీ ఫోన్లో నిన్నటి నుంచి తిరుగుతూనే ఉంది, దిగడం లేదు. అందులో సంతకం తప్ప ఇంకేముంటుంది?”

స్కూలు కమిటీ ఛైర్మన్ ధనరాజుకు ఊరి చివర జీడిపప్పు షెడ్డుంది. అతని వ్యాను వచ్చి పుస్తకాలు తీసుకుపోయింది. వెనకాలే హెడ్మాస్టరు ఫోన్ చేశాడు. “ధనరాజూ, అవన్నీ నీ షెడ్డులో ఉంచు!”

జీడితోటల మధ్య సిగ్నల్ అంతంత మాత్రం. అవతల వినబడింది “పంచు” అని.

“అలాగే సారూ!” అన్నాడు ధనరాజు.

ఆఫీసరు వేళకే వచ్చి రిబ్బను కత్తిరించి, ట్యాబు మీద వేలు పెట్టాడు. తెర మీద అక్షరాలు వెలిగాయి: ‘పుస్తకాన్ని చూపండి.’

తారకేశ్వరరావు హాజరుపట్టీ చూపించాడు. ‘ఇది పుస్తకం కాదు,’ అంది ట్యాబు. మధ్యాహ్న భోజనం రిజిస్టరు చూపించాడు. అదీ కాదంది. గోడ కేలెండరు పీకి చూపించబోతుంటే ఆఫీసరు తన ఫోన్లో రెండో పేజీ తెరిచి గట్టిగా చదివాడు. “ట్యాబు పుస్తకానికి తోడు మాత్రమే. అట్ట మీది స్టిక్కరు చూపితేనే తెరుచుకుని, కఠిన పదాలకు అర్థం చెప్పును. పుస్తకాలు తొలగించిన వారిపై చర్య తీసుకోబడును.”

హెడ్మాస్టరు ధనరాజుకు ఫోన్ చేశాడు. “పుస్తకాలు వెంటనే పంపించు!”

“ఎలాగ పంపుతాను సారూ? షెడ్డులో ఆడోళ్లకి మనిషికి ముప్పయ్యేసి పంచీసినాను. వ్యాను పలాస ఎల్లిపోనాది.”

“పంచేశావా! ఉంచమన్నానయ్యా!”

“నాకలగే ఇనబడినాది మరి!”

“పన్నెండులోపు పుస్తకం, ట్యాబు కలిసిన ఫోటో యాప్‌లో ఎక్కకపోతే జిల్లా మ్యాపులో మన మండలం ఎర్రగా కనబడుతుంది,” అన్నాడు ఆఫీసరు. “ట్యాబులు జీపులో వేయండి!”

షెడ్డులో పప్పు పొట్టు తీసే పని ఆగిపోయింది. ముప్పైమంది ఆడవాళ్లూ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నారు. చదవడం రానివాళ్లు బొమ్మలు చూస్తున్నారు, వచ్చినవాళ్ల చుట్టూ గుంపు కట్టారు. హెడ్మాస్టరు పరుగున పోయి అప్పలమ్మ చేతిలో పుస్తకం లాగబోయాడు. అప్పలమ్మది చేపలు పట్టే గంగపుత్రుల ఇల్లు, అరవై దాటిన మనిషి.

“ఆగండి బాబూ! సొరసేప ఆ పడవనేటి సేసినాదో సూడకండా ఎలగిచ్చీమంటారు?”

ఉషారాణి నవ్వి ఆవిడ పక్కన కూర్చుని, అట్ట మీది స్టిక్కరు ట్యాబుకు చూపించింది. ట్యాబు తెరుచుకుని మర్యాదగా చెప్పింది: “సొరచేప అనగా సముద్రంలో నివసించే పెద్ద చేప.”

“సొరసేపంటే ఏటో మాకిది సెప్పాలేటి?” అంది అప్పలమ్మ. షెడ్డంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే ఆఫీసరు ఫోటో తీసి యాప్‌లోకి ఎక్కించాడు. పదకొండూ యాభై ఎనిమిది. మండలం పచ్చబడింది.

మర్నాడు తెలిసింది అసలు సంగతి. ఫోటో ఎక్కడ తీస్తే లైబ్రరీ అక్కడ ఉన్నట్టు యాప్ రాసుకుంది. హెడ్మాస్టరు రోజూ అక్కడికే వచ్చి లైబ్రరీ హాజరు వేయాలి. పిల్లల లైబ్రరీ పీరియడూ అక్కడికే మారింది. పుస్తకాల కోసం పిల్లలకీ ఆడవాళ్లకీ పోటీ మొదలైంది. ఉషారాణి ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో అలాంటి గొడవ తీర్చే భాగ్యం ఎన్నడూ కలగలేదు.

పొట్టు ధూళికి తుమ్ముతూ తారకేశ్వరరావు చిరునామా మార్చమని యాప్‌లో అర్జీ పెట్టాడు. చిరునామా మారకుండానే నిమిషంలో జవాబు వచ్చింది: ‘మీ సమస్య పరిష్కరించబడినది.’