లేని జాతి పాటలు

అసలు పాటలకంటే కల్పించిన పాటలే మేలు! ఈ మాట ఊరికే అనడం లేదు. చెవులారా విని అంటున్నాను.

అసలు పాటతో ఎన్ని ఇబ్బందులో చూడండి. దానికి అర్థం ఉంటుంది. పాడేవాళ్లకి మధ్యలో దగ్గు వస్తుంది. పైగా ఆ పాట తెలిసినవాళ్లు పక్కింట్లోనే ఉంటారు, ఉప్పు అప్పడగడానికి వస్తూ పోతూ ఉంటారు. అలాంటివాళ్ల మీద ఎవరైనా పరిశోధన చేస్తారా? అదే, ఎక్కడా లేని జాతి అనుకోండి. ఉప్పూ అడగదు, తప్పూ పట్టదు!

మా తాతయ్య బట్టలు కుట్టే కొట్టుకి ఈమధ్య ఒక కళాకారుడు మైకు పట్టుకుని వచ్చాడు. వీధిలో అందరూ ఆయనకి మైకుబాబు అని పేరు పెట్టేశారు. అంతరించిపోయిన ఒక జాతి సంగీతాన్ని రికార్డు చేస్తున్నానన్నాడు. ఆ జాతి ఎక్కడుండేదని తాతయ్య అడిగాడు. ఎక్కడా లేదట. ఆయనే కల్పించాడట. దాన్ని కాన్సెప్చువల్ ఆర్ట్ అంటారట. తాతయ్య అంతా విని తల ఊపి, ఇంతకీ కొలతలు తీసుకోమంటారా అని అడిగాడు.

ఎంత పొదుపైన కళ! గుండీల డబ్బా ఊపితే అది వానని పిలిచే గిలక్కాయ అయింది. కుట్టుమిషన్ యుద్ధభేరి అయింది. మధ్యాహ్నం తాతయ్య పెట్టిన గురక కొమ్ముబూర అయింది. ఇంకొంచెం విషాదంగా కావాలన్నాడు మైకుబాబు. నిద్రపోయే మనిషి విషాదంగా గురక ఎలా పెడతాడు? పెట్టాడండీ! కళ అంటే అదీ.

ఇక అమ్మమ్మ. చొక్కాలకి కాజాలు కుడుతూనే ఒళ్లో పిల్లల్ని నిద్రపుచ్చేస్తుంది. ఆమె జోలపాటలో మనవలందరికీ తలా ఒక చరణం ఉంది. పేరు పెట్టి, వాళ్ల అల్లరి కలిపి, తనే కట్టింది. నా చరణంలో నేను చుట్టాలొస్తే బీరువా వెనక దాక్కుంటాను.

మైకుబాబు ఆ పాట మర్యాదగా విన్నాడు.

"మామ్మగారూ, మాటలు అడ్డమొస్తున్నాయండీ. అవి ఉంటే జనానికి అర్థమైపోతుంది. ఊరికే మూలగండి, చాలు."

"ఎక్కడ నొప్పెట్టినట్టు మూలగమంటావు నాయనా?" అంది అమ్మమ్మ. అని, సూది ఆపకుండానే మూలిగింది.

ప్రదర్శనకి మేమూ వెళ్లాం. పెద్ద పెద్దవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ జాతి చివరి గాయని మరణించిందని కింద అట్ట మీద రాసి ఉంది. చివరి గాయని కూడా వరుసలో నిలబడి, తన వంతు వచ్చాక విన్నది.

"ఎవరో పాపం, ఏం పోగొట్టుకుందో" అంది అమ్మమ్మ నా చెవిలో.

చూశారా! అసలు పాటకి ఇంత గౌరవం ఎన్నడైనా దక్కిందా? మా అమ్మమ్మ జోలపాటని ఒక్కరైనా చివరిదాకా విన్నారా? విన్నవాళ్లందరూ మధ్యలోనే నిద్రపోయారు!

అందుకే అమ్మమ్మ కూడా తన పద్ధతి మార్చుకుంది. నిన్న మధ్యాహ్నం మా చిన్న చెల్లిని ఒళ్లో వేసుకుని, మాటల్లేకుండా మూలగడం మొదలుపెట్టింది. చరణాలేవి అమ్మమ్మా అని అడిగాను.

"మాటలు అడ్డమన్నాడు కదే ఆ బాబు. అంతమంది ఏడ్చారు, నువ్వూ చూశావుగా."

అని, నా చరణం తను ఎలా ఎత్తుకునేదో నన్నే అడిగింది.

ఇంతకంటే గొప్పగా కళ ఇంటిదాకా ఇంకెలా వస్తుంది? చెల్లికే ఇంకా ఆ జ్ఞానం రాలేదు. తన పేరు ఎప్పుడొస్తుందా అని, కళ్లు మూయకుండా అమ్మమ్మ నోటికేసి చూస్తూనే ఉంది.