వీరవేణి గారి స్కాను సౌఖ్యం

ఎం.ఆర్.ఐ. స్కానును నిందించేవాళ్ళు కృతఘ్నులు! ఇరుకు సొరంగమట. చెవులు చిల్లులు పడే మోతట. అరగంటసేపు వేలైనా కదపకూడదట. అయ్యా, ఇవి అవస్థలా? వరాలు కావూ? సందేహముంటే ధవళేశ్వరం రైతు చంద్రరావు గారి భార్య వీరవేణి గారి సంగతి చిత్తగించండి.

ఏడాదిగా ఆవిడకు నడుం నొప్పి. ఏ మందుకూ లొంగని ఆ నొప్పి మూలం కనిపెట్టడానికి డాక్టరు గారు స్కాను రాశారు. దంపతులు రాజమండ్రిలో కొత్తగా వెలసిన స్కాన్ సెంటరుకు తరలివచ్చారు.

మొదటి ఘట్టం లోహసన్యాసం. గాజులు, ముక్కుపుడక, మెట్టెలు, తలపిన్నులు, అన్నీ త్యజించవలసిందే. మరి పుస్తెలు? అత్తగారు ముందుచూపుతో పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి పంపారు. అది మెడలో పడ్డాకనే పుస్తెలూ, వాటికి వేలాడే పిన్నీసుల గుత్తీ, బొడ్లోని తాళాలూ చంద్రరావు గారి జేబులోకి దిగాయి. కిరీటం దించిన మహారాణికైనా ప్రాణం అంత తేలికపడి ఉండదు!

స్కాను తీసే గణేష్‌బాబు ఆవిడ చేతిలో ఒక రబ్బరు బుడగ పెట్టాడు.

"భయమేస్తే ఇది నొక్కండమ్మా, బయటికి తీసేస్తాను. అంతవరకు కదలకూడదండి."

"లేవకూడదా బాబూ?"

"అస్సలు లేవకూడదండి."

"ఎవరు పిలిచినా?"

"ఎవరు పిలిచినా వినపడదండి. చెవుల్లో దూది కూడా పెడతాను."

కాపురానికి వచ్చిన నాటినుంచి ఆవిడ విన్న ఆజ్ఞలన్నీ లేవమనేవే. మామగారి కాఫీకి లేవాలి. కూలీల అన్నాలకు లేవాలి. అన్నవరం పోతూ పోతూ దిగిన చుట్టాలకు లేవాలి. లేవవద్దన్న నరుడు ఇన్నాళ్ళకు తారసపడ్డాడు!

యంత్రం డబడబలాడింది, టకటకలాడింది. ధాన్యం మిల్లు గుండెలమీద ఆడినట్టుంది. అయితేనేం? అంత మోతలోనూ ఒక్క మోతైనా "వేణీ!" అనలేదు. ఆవిడ హాయిగా నిద్రపోయారు.

అసలు అవస్థ బయట చంద్రరావు గారిది. జేబులోని తాళాలు తీసి గణేష్‌బాబు ముందు ఆడించారు.

"ఒక్క మాట అడిగొస్తానండి. ఇందులో మోటారు షెడ్డు తాళం ఏదో తెలీట్లేదు."

"ఇప్పుడు కుదరదండి."

"మా ఆవిడేనండి బాబూ!"

"లోపలున్నంతసేపూ మిషనుదండి."

ఎంత ధర్మబద్ధమైన తీర్పు! ఏ పెద్దమనుషుల పంచాయితీ ఇవ్వగలదు?

కాని వరాలకూ గడువుంటుంది. గణేష్‌బాబు బల్ల బయటికి లాగాడు. "అయిపోయిందమ్మా. బొమ్మలు చక్కగా వచ్చాయి. లేవండి."

వీరవేణి గారి ముఖం చిన్నబోయింది. "మధ్యలో కదిలాను బాబూ. సరిగ్గా చూడు."

"లేదండి, నిద్రపోయారు కదా!"

"నిద్రలోనే కదిలుంటాను. కదిలితే మళ్ళీ తీస్తారంటగా?"

గుమ్మంలోంచి చంద్రరావు గారు కేకేశారు. "ఏంటి వేణీ, ఇంకా లేవలేదా? అక్కడ నాన్న కాఫీ లేకుండా కూర్చునుంటారు!"

పాఠకులారా, విజ్ఞానాన్ని తప్పుపట్టకండి. అంత బరువైన అయస్కాంతం సముద్రాలు దాటి రాజమండ్రి చేరింది. "కాసేపు నడుం వాల్చు" అన్న చిన్న మాటే, చంద్రరావు గారి సావిట్లోంచి వంటింటిదాకా ఇంకా చేరలేదు!