ఎనిమిదడుగుల తలుపు

ఇకమీదట ప్రభుత్వ గోడలను టేపుతో కొలిచే అనాగరికత ఉండదని మంత్రిగారు ఉద్దనపల్లి స్కూలు ముందు ప్రకటించారు. ఫోటో తీస్తే కంప్యూటరే కొలతలు చెబుతుంది, లేజరు సాక్ష్యం పలుకుతుంది. ఆంజినప్ప భక్తిగా చేతులు జోడించాడు. మనవరాలు భువన చదివే కొత్త గదికి అన్నీ అమిరాయి, తలుపొక్కటే రావాలి. అందాకా పక్కింటి సుబ్బక్క మేకలు పిల్లలకంటే ముందే హాజరవుతున్నాయి.

ఫోటోలో ఎత్తు తెలిసిన వస్తువు ఒకటి ఉంటే, దాన్ని బట్టి గోడంతా లెక్క తేలుతుందట. ఇంజనీరు శ్రేయస్ అందుకోసం ఒక కొలత కర్ర నిలబెట్టాడు. పార్టీ కార్యకర్త నాగేశప్ప దాన్ని తీసి పక్కన పడేశాడు.

"మంత్రిగారు ఈడుండంగా కట్టె ఎందుకు సార్?"

"ఆయన ఎత్తెంత?"

"ఆరడుగులు. పోస్టర్లో చూడలేదా?"

మంత్రిగారు వాకిలి పక్కన నిలబడ్డారు. ఆయన తల ఆంజినప్ప చెవి దాటలేదు. ఆంజినప్పే ఆరడుగులు లేడు. అయినా పెద్దవాళ్లను కంటితో కొలవడం పాపమని ఊరుకున్నాడు.

ఫోటో లెక్కలో వాకిలి ఎనిమిదడుగులు వచ్చింది. లేజరు ఏడే చూపింది.

"బ్యాటరీ అయిపోయినట్లుంది సార్," అన్నాడు నాగేశప్ప. శ్రేయస్ అలాగే రాసుకున్నాడు.

కృష్ణగిరి నుంచి ఎనిమిదడుగుల తలుపు లారీలో వచ్చింది. మేళంతో దించారు. వాకిలికి పట్టలేదు.

"కోసేస్తే సరిపోతుంది గదప్పా," అన్నాడు ఆంజినప్ప.

"తలుపును కోస్తే మంత్రిగారి ఎత్తును కోసినట్లే," అన్నాడు నాగేశప్ప.

"పోనీ, ఆయన్నే ఒకసారి లేజరుతో కొలిస్తే?"

శ్రేయస్ లేజరును సంచిలో పెట్టి జిప్పు వేసేశాడు.

మళ్లీ ఫోటో తీయాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మంత్రిగారి చెప్పులకు బురద అంటకూడదని నాగేశప్ప ఇటుకలు పేర్చి, వాటి మీద ఆ తలుపునే పరిచాడు. మంత్రిగారు ఎక్కి నిలబడ్డారు. ఆరడుగులూ నిండాయి. ఈసారి ఫోటో, లేజరు రెండూ ఏడే చెప్పాయి. చప్పట్లు మోగాయి. విజ్ఞానం గెలిచినందుకు శ్రేయస్ కళ్లు తుడుచుకున్నాడు.

కొలత ఎలాగూ తేలింది కదా అని మరునాడు ఆంజినప్ప వడ్రంగిని పిలుచుకొచ్చాడు. నాగేశప్ప అప్పటికే తలుపును లారీ ఎక్కిస్తున్నాడు.

"యాడికప్పా?"

"ముందు సూళగిరి ఆస్పత్రి కొలవల్ల. ఆమేలే కెలవరపల్లి స్కూలు. మంత్రిగారు యాడ నిలబడినా ఇది కావల్ల."

"మరి ఈ గదికి?"

"కొలత సరిగ్గా వచ్చింది గదా ఆంజినప్పా, ఇంకేం కావల్ల?"

లారీ కదిలింది. ఆంజినప్ప తలుపుకు దణ్ణం పెట్టి, మేకలను తోలడానికి గదిలోకి వెళ్లాడు.